తలుపు పట్టుకుంటే జివ్వుమంటోంది, ఏమీ లేదంటున్నాడు బావమరిది

విజయవాడ ఆటోనగర్‌లో గేట్లు, రెయిలింగులు చేసే పాఠకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆరు నెలల క్రితం భార్య నగలు కుదువపెట్టి, పౌడర్ కోటింగ్ ఓవెన్ (పొడి రంగు చల్లిన లోహాన్ని వేడికి కాల్చి రంగు అంటించే పెట్టె) సొంతంగా కట్టుకున్నారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. వేడి బయటికి పోకుండా నాలుగంగుళాల రాక్‌వూల్ పీచు, రెండు కిలోవాట్ల హీటర్లు తొమ్మిది, ఒక హెచ్‌పీ బ్లోయరు. వైరింగ్ అంతా బావమరిది చేశాడు. ఇళ్ల వైరింగులో పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాడు, పైసా కూలి తీసుకోలేదు.

ఇప్పటికి టెంపరేచర్ కంట్రోలర్లు రెండు కాలిపోయాయి. రెండోది పోయిన రోజు గ్రైండరు ఉన్నట్టుండి నెమ్మదించింది, అదే క్షణంలో షెడ్డులో ట్యూబ్‌లైటు కళ్లు చెదిరేలా వెలిగి మాడిపోయింది. మరో సాయంత్రం 200 డిగ్రీలకు పెట్టిన ఓవెన్ 280 దాకా ఎక్కి, తెల్ల పౌడరు గోధుమరంగుకు తిరిగింది. కంట్రోలర్ మీద హీటింగ్ లైటు మాత్రం ఆరిపోయే ఉంది. వానాకాలం మొదలయ్యాక ఉదయం పూట ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా కోసేసే స్విచ్) ట్రిప్పవుతోందని బావమరిది దాన్ని తీసేసి నేరుగా కలిపాడు. వారం క్రితం తలుపు పట్టుకున్న కుర్రాడికి షాక్ కొట్టింది. "చెమట చేతులు బావా, ఏమీ కాదు" అన్నాడట. దసరాలోపు ఒక అపార్ట్‌మెంటు రెయిలింగులు ఇవ్వాలి. వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే బావమరిది ముఖం మాడ్చుకుంటాడు, ఇంట్లో ఆవిడ మాట్లాడదు. "ఓవెన్ అమ్మేసి రెడీమేడ్‌ది కొనాలా, వీడితోనే సరిచేయించాలా, వేరేవాళ్లను తేవాలా?" అన్నది ప్రశ్న.

సమాధానం

మీరు అడిగిన మూడింటికీ జవాబులున్నాయి, కానీ వాటికన్నా ముందు ఒకటి చేయాలి. ఈ ఒక్క విషయంలో ఎంచుకోవడానికేమీ లేదు. ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపి, వెళ్లి ఓవెన్ మెయిన్ దించేయండి. లోహపు తలుపు పట్టుకున్న మనిషికి షాక్ కొట్టిందంటే లీకేజీ ఉంది, అది భూమిలోకి పోవాల్సిన దారి తెగింది, దాన్ని గమనించి కోసేయాల్సిన ఆర్‌సీసీబీ లేదు. మూడూ ఒకేచోట కలిశాయి. చెమట చేతులన్నది నిజమే కావచ్చు, అందుకే కుర్రాడికి తెలిసింది. పొడి చేతులైతే తెలిసేది కాదు, ప్రమాదం మాత్రం అంతే ఉండేది. దసరా ఆర్డరు మీద బెంగ పెట్టుకోకండి. పది రోజుల పాటు రెయిలింగులు ఆటోనగర్‌లోనే మరో కోటింగ్ షెడ్డుకు జాబ్‌వర్కుకు పంపండి. లాభం తగ్గుతుంది, ఆర్డరు పోదు.

ఇక మీరు రాసిన నాలుగు గొడవలు. మీ ఇంట్లో వీటన్నిటినీ కలిపి "కంపెనీ నాసిరకం" అంటున్నట్టున్నారు. అవి నాలుగూ వేర్వేరు జబ్బులు.

గ్రైండరు నెమ్మదించడం, ట్యూబ్‌లైటు మండిపోవడం ఒకే క్షణంలో జరిగాయని రాశారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. న్యూట్రల్, అంటే మూడు ఫేజుల కరెంటూ తిరిగి పోయే ఉమ్మడి తీగ, లూజైతే సరిగ్గా అలాగే జరుగుతుంది. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు ప్రతి ఫేజు మీదా 230 వోల్టులే ఉంటాయి. అది తెగితే రెండు ఫేజుల మధ్య ఉన్న 415 వోల్టులను వాటి మీద ఉన్న వస్తువులు పంచుకుంటాయి, ఆ పంపకం న్యాయంగా ఉండదు. పెద్ద లోడు మీద తక్కువ, చిన్న లోడు మీద ఎక్కువ పడుతుంది. గ్రైండరు పెద్ద లోడు, అందుకే నీరసించింది. మరో ఫేజు మీదున్న ట్యూబ్‌లైటు, ఐదారు వాట్ల కంట్రోలర్ చిన్నవి, అందుకే మాడాయి. హీటర్లు మూడు ఫేజుల మీదా సమానంగా నడుస్తున్నప్పుడు ఈ జబ్బు పైకి కనిపించదు, అవి న్యూట్రల్‌ను మధ్యలో నిలబెడతాయి. 200కు చేరి హీటర్లు ఆగిన క్షణంలో బయటపడుతుంది. అందుకే అది ఎప్పుడొస్తుందో మీకు అంతుపట్టలేదు.

లూజు ఎక్కడుందో వెతకడం కష్టమేమీ కాదు. ఓవెన్ ప్యానెల్ మెయిన్ ఆఫ్‌లోనే ఉంచి, మెయిన్‌బోర్డు దగ్గర గ్రైండరు నడుపుతూ మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. మూడూ దాదాపు ఒకటిగా ఉండాలి. ఒకటి 190, మరొకటి 270 చూపిస్తే తేడా అక్కడికి ముందే ఉంది. మీటరుకు అవతల అయితే విద్యుత్ సంస్థ ఏపీసీపీడీసీఎల్ లైన్‌మన్ పని, మీరు చేయి పెట్టకూడదు. మెయిన్‌బోర్డు దగ్గర బాగుంటే, అనుమానం ఓవెన్ ప్యానెల్ న్యూట్రల్ లింకు మీదకు వస్తుంది. ఒకే స్క్రూ కింద మూడు నాలుగు వైర్లు దూర్చడం ఇళ్ల బోర్డుల్లో అలవాటు. అక్కడ ఫ్యాను, బల్బు కాబట్టి నడిచిపోతుంది. ఇక్కడ ఒక ఫేజులో హీటరు పోయినా న్యూట్రల్‌లో ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు పారతాయి. ఫేజు వైరు ఎంత లావో న్యూట్రల్ అంతే ఉండాలి, ఒక్కో వైరుకు ఒక్కో క్రింప్ లగ్గు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు తొడుగు), ఒక్కో స్క్రూ.

కంట్రోలర్‌ను ఈ బాధ నుంచి శాశ్వతంగా తప్పించాలంటే దానికి న్యూట్రల్‌తో పనే లేకుండా చేయాలి. 415 నుంచి 230కి దించే 250 వీఏ కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, కంట్రోలరు, కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు అందితే కలిసే పెద్ద స్విచ్) కాయిళ్లు అన్నీ దాని మీద నడపండి. ప్రైమరీ రెండు వైపులా, సెకండరీలో ఒక వైపు 2 ఆంపియర్ల రక్షణ, సెకండరీ రెండో కొస ఎర్తుకు. మెరుపులు, జనరేటరు మార్పిడి వల్ల వచ్చే కుదుపులకు మెయిన్‌లో ఒక సర్జ్ ప్రొటెక్షన్ డివైస్. ఇవన్నీ వద్దనుకుంటే ఓవర్ వోల్టేజీ రిలే ఒకటైనా పెట్టండి. తక్కువ ఖర్చు, కానీ వోల్టేజీ పెరిగిన ప్రతిసారీ ఓవెన్ ఆగిపోతుంది, లోపలున్న సరుకు సగం ఉడుకుతుంది.

రెండోది, 280 డిగ్రీలు. ఇది నిప్పుకు దారితీసే జబ్బు. కంట్రోలర్ తన పని తాను చేసింది, "ఆపు" అంది, లైటు ఆరింది. దాని మాట విని హీటర్లను ఆన్, ఆఫ్ చేయాల్సిన ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే) ఆగలేదు. కాంటాక్టర్‌లా దీనిలో విడిపోయే ముక్కలుండవు, సెమీకండక్టర్ ఉంటుంది. అది చచ్చినప్పుడు చాలావరకు తెరుచుకుని కాదు, షార్టై చస్తుంది. అంటే శాశ్వతంగా ఆన్. మీ లెక్కలోనే చూడండి: ఫేజుకు మూడు హీటర్లు, ఆరు కిలోవాట్లు. ఆ సైజు పెట్టెను 200 దగ్గర నిలబెట్టడానికి మూడు కిలోవాట్లకు అటూ ఇటూ చాలు. ఒక్క ఎస్‌ఎస్‌ఆర్ అంటుకుపోతే దానికి రెట్టింపు లోపలికి పోతూనే ఉంటుంది. 280 దగ్గర మీరు చూసుకున్నారు కాబట్టి ఆగింది.

అది ఎందుకు చచ్చిందంటారా? ఫేజుకు 26 ఆంపియర్లు. ఎస్‌ఎస్‌ఆర్ తన గుండా పారే ఒక్కో ఆంపియరుకు వాటుకు కాస్త పైగా వేడి కక్కుతుంది. మూడూ కలిపి 90 వాట్లు దాటుతుంది. మూసిన ప్యానెల్లో వంద వాట్ల బల్బు వెలిగించి పెట్టినట్టు. ఆ ప్యానెల్‌ను ఓవెన్ గోడకే బిగించామని రాశారు. ఇక విజయవాడ మే నెల సంగతి మీకు చెప్పాలా? మీద 40 ఆంపియర్లని రాసి ఉన్న ఎస్‌ఎస్‌ఆర్, పెద్ద హీట్‌సింకు మీద, చల్లని గాలిలో ఉంటేనే 40 మోస్తుంది. మీ షెడ్డులో అందులో సగం అనుకోండి. కాబట్టి లోడుకు రెట్టింపు తీసుకోవాలి, 60 లేదా 80 ఆంపియర్లది. అడుగున థర్మల్ పేస్టు పలచగా రాయాలి, హీట్‌సింకు రెక్కలు నిలువుగా ఉండాలి, ఎదురుగా ఫ్యాను ఉండాలి. ప్యానెల్ ఓవెన్‌కు కనీసం అడుగు దూరంలో విడి స్టాండు మీద, పౌడరు కొట్టే బూత్‌కు దూరంగా నిలబడాలి. ఫ్యాను ఫిల్టరులో పౌడరు పేరుకుంటే గాలి ఆగిపోతుంది. వారానికోసారి దులపడం కుర్రాడి పనుల్లో చేర్చండి, అదీ మెయిన్ దించాకే.

"32 ఆంపియర్ల ఎంసీబీ ఉంది కదా" అని బావమరిది అంటాడు. ఎంసీబీ కాపాడేది వైరును. హీటరు షార్టైతే అది పడేలోపు ఎస్‌ఎస్‌ఆర్ కాలిపోయి ఉంటుంది. దాన్ని కాపాడాలంటే ఒక్కో ఫేజుకూ సెమీకండక్టర్ ఫ్యూజు కావాలి, దాని ఐ స్క్వేర్ టీ విలువ (తెగేలోపు ఎంత కరెంటును, ఎంతసేపు దాటనిస్తుందన్న లెక్క) ఎస్‌ఎస్‌ఆర్‌ది కన్నా తక్కువ ఉండేలా చూసి కొనాలి. ఇక అంటుకుపోయిన ఎస్‌ఎస్‌ఆర్ విషయంలో ఎంసీబీకి అసలు పనే లేదు. 26 ఆంపియర్లు పారుతున్నాయి, దాని దృష్టిలో అంతా సక్రమమే.

అందుకే ఎస్‌ఎస్‌ఆర్‌లకు ముందు ఒక కాంటాక్టరు, దాన్ని దించడానికి వేరే కాపలాదారు ఉండాలి. వేరే అంటే నిజంగా వేరే. రెండో థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ సెన్సారు), రెండో పరికరం. చేత్తో రీసెట్ చేస్తే తప్ప తిరిగి కలవని ఓవర్ టెంపరేచర్ లిమిట్ కంట్రోలర్, 240 డిగ్రీలకు పెట్టండి. కేపిలరీ థర్మోస్టాటు చవక, కరెంటు లేకుండానే పనిచేస్తుంది, అయితే పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది, ఆ గొట్టం వంగి నలిగితే పోతుంది. ఏది పెట్టినా అన్నీ బాగున్నప్పుడే కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు అందాలి. వైరు తెగినా, సెన్సారు పోయినా కాంటాక్టరు దిగిపోవాలి.

ఆ కాయిల్ దారిలో వరుసగా ఇవి రావాలి: ఎమర్జెన్సీ స్టాప్, లిమిట్ కాంటాక్టు, ఫేజ్ ఫెయిల్యూర్ రిలే (ఒక ఫేజు పోతే విడిపోయేది), బ్లోయరు కాంటాక్టర్ ఆక్సిలరీ (ఆ కాంటాక్టరుతో పాటే కలిసి విడే చిన్న కాంటాక్టు), స్టాపు బటను, స్టార్టు బటను. స్టార్టుకు హోల్డ్‌ఆన్ కాంటాక్టు (బటను వదిలాక కూడా కాయిల్‌ను పట్టి ఉంచేది) ఉండాలి. మీరు ఇప్పుడు వాడుతున్న తిప్పుడు స్విచ్‌తో చిక్కేమిటంటే, మధ్యాహ్నం కరెంటు పోయి, అందరూ భోజనానికి వెళ్లాక వస్తే, ఓవెన్ తనంతట తానే మొదలవుతుంది. బటన్లయితే మనిషి వచ్చి నొక్కాలి. బ్లోయరు ఆక్సిలరీ దేనికంటే, గాలి తిరగకపోతే హీటర్ల దగ్గర 350 ఉన్నా సెన్సారు దగ్గర 150 చూపిస్తుంది, కంట్రోలరు ఇంకా ఇమ్మంటుంది. బెల్టు బ్లోయరైతే ఆక్సిలరీ సరిపోదు. బెల్టు తెగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఎయిర్ ఫ్లో స్విచ్ కావాలి. ఫేజ్ రిలే ఫేజుల వరుసను కూడా చూసేదై ఉండాలి. లైను మరమ్మతు తరువాత ఫేజులు తారుమారైతే బ్లోయరు ఎదురు తిరుగుతుంది, గాలి సగం కూడా రాదు.

థర్మోకపుల్ గురించి చిన్న మాట, ఎందుకంటే ఇక్కడ ఇళ్ల వైరింగ్ చేసేవారంతా ఒకేలా పొరబడతారు. థర్మోకపుల్ రకాల్లో ఒకటైన కె టైపులో, పసుపు, ఎరుపు రంగుల తీగలుంటే ఎరుపు నెగటివ్. ఎరుపంటే ఫేజు, పాజిటివ్ అని కలిపితే వేడెక్కే కొద్దీ అంకె తగ్గుతుంది, హీటర్లు ఆగవు. ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో వస్తే తెలుపు నెగటివ్. పొడిగించడానికి మామూలు రాగి వైరు వాడినా తప్పే. తలకాయ దగ్గర 80 డిగ్రీలు, ప్యానెల్లో 40 ఉంటే అంకె 40 తక్కువ చూపిస్తుంది. కె టైపు కాంపెన్సేటింగ్ కేబుల్ కొని, పవర్ వైర్లతో ఒకే పైపులో వేయకుండా విడిగా తేవాలి.

హీటర్ల దగ్గర వైర్లు పొడిపొడిగా రాలుతున్నాయని ఒక్క లైనులో రాశారు. అవి పీవీసీ వైర్లు, 70 డిగ్రీలకు చేసినవి. హీటరు టెర్మినల్ నుంచి బయటి కనెక్టరు దాకా ఫైబర్‌గ్లాస్ వైరు, అక్కడ పింగాణీ కనెక్టరు, ఆ తరువాత 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు. ప్యానెల్ నుంచి వేడిగా ఉండే చోటు గుండా పోతుంటే 10. లగ్గులు క్రింప్ చేయాలి, సోల్డరు వేయకూడదు. మామూలు సోల్డరు మీ ఓవెన్ వేడికే కరుగుతుంది. మొదటి వారం నడిచాక అన్ని స్క్రూలూ చల్లారబెట్టి మళ్లీ బిగించాలి.

ఇక మూడోది ఆర్‌సీసీబీ ట్రిప్పు, నాలుగోది తలుపు షాక్. ఆర్‌సీసీబీ తప్పు చేయలేదు. హీటరు గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆదివారం ఆగి, వానలో తడిసిన గాలి పీల్చి, సోమవారం పొద్దున ఆన్ చేయగానే లీకవుతుంది. తొమ్మిది హీటర్లవీ కలిస్తే 30 మిల్లీ ఆంపియర్లు దాటడం సులువు. మెయిన్ దించి, ఒక్కో హీటరు రెండు వైర్లూ విప్పి, టెర్మినల్‌కూ గొట్టానికీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) పెట్టించండి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపినవి పక్కన పెట్టాలి. వాటిని ఊడదీయనక్కర్లేదు. ఎర్తు సరిచేశాక, తడిసిన వాటి వైర్లు విప్పే ఉంచి మిగతా హీటర్లతో ఓవెన్‌ను 150 దగ్గర నాలుగైదు గంటలు నడిపితే ఆ వేడికే ఆరిపోతాయి. చల్లారాక మళ్లీ మెగ్గర్ చూసి కలపండి. ఆరినా పెరగకపోతే ఆ హీటరు మార్చాల్సిందే. ఓవెన్‌కు 100 లేదా 300 మిల్లీ ఆంపియర్ల నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ, గ్రైండర్లు, లైట్ల సర్క్యూట్లకు విడిగా 30. అయితే 100, 300 రెండూ తాకిన మనిషిని కాపాడే కొలతలు కావు, 300ది నిప్పును ఆపేది. వాటిలో ఏది పెట్టినా ఎర్తు మీద రాజీ ఉండకూడదు. ఓవెన్ బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు, తలుపుకు అల్లిన రాగి పట్టీ. కీళ్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు, రంగు, గ్రీజు మధ్యలో అడ్డుపడతాయి. న్యూట్రల్‌ను బాడీకి కలిపి ఎర్తు అనుకోవడం మీ బోర్డులో ఎక్కడైనా ఉంటే వెంటనే తీయించండి. మీకున్న లూజు న్యూట్రల్‌తో తలుపు మీదకు వోల్టేజీ రావడానికి అదొక్కటి చాలు.

ఇక మీ మూడు ప్రశ్నలు. అమ్మేసి రెడీమేడ్ కొనడం వల్ల మీ షెడ్డు న్యూట్రల్ బాగుపడదు. కొత్త ఓవెన్ కంట్రోలరూ కాలుతుంది. పెట్టె, హీటర్లు, బ్లోయరు బాగున్నాయి, చెడింది ప్యానెలు. కాబట్టి ఆ దారి ఆఖరున చూడండి.

బావమరిదితోనే సరిచేయించడం రెండో దారి. అతను చేతకానివాడు కాదు. ఇంటి వైరింగు వేరే విద్య, కంట్రోల్ వైరింగు వేరే విద్య, కంటి డాక్టరు పన్ను పీకబోయినట్టైంది. పైన చెప్పిన వరుసను కాగితం మీద గీసి ఇస్తే వైర్లు లాగడం, లగ్గులు కొట్టడం అతనే చక్కగా చేయగలడు. అయితే గీసేది, చివర పరీక్షించేది మరొకరై ఉండాలి. తన పనిలో తప్పు తనకు కనిపించదు, ఎవరికైనా అంతే.

మూడోది ప్యానెల్ కట్టేవాళ్లకు మొత్తం అప్పగించడం. డబ్బు ఎక్కువ, కానీ డ్రాయింగు, టెస్టు చేతికొస్తాయి. రేపు ఏదైనా జరిగితే అడగడానికి ఒకరుంటారు. కుర్రాళ్లు పనిచేసే చోట ఇది చిన్న విషయం కాదు. ఎలాగూ లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకం మీకు కావాలి, ఎందుకంటే మీది 15 హెచ్‌పీ లోడని రాశారు. అంటే 11 కిలోవాట్లు. ఓవెన్ ఒక్కటే 18. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. అది వచ్చేదాకా రెండు ఫేజుల్లో ఒక్కో హీటరు, మూడో ఫేజులో రెండు విప్పి ఐదింటితో 10 కిలోవాట్ల మీద నడుపుకోవచ్చు, అది కూడా మిగతా యంత్రాలు ఆపినప్పుడే. వేడెక్కడానికి దాదాపు రెండు రెట్లు టైము పడుతుంది, రోజుకు కొన్ని బ్యాచ్‌లు తగ్గుతాయి.

మా మొగ్గు రెండు, మూడు కలిపిన దారి వైపు. ఆ మాట ఎత్తడానికి కాంట్రాక్టరు లోడు దరఖాస్తు మంచి సందు. "డిపార్టుమెంటుకు కాంట్రాక్టరు సంతకం కావాలట, ఆయన ప్యానెల్ చూస్తానన్నాడు, పక్కన నువ్వుండు" అంటే అది అబద్ధం కాదు, అవమానమూ కాదు. ఆయన మెగ్గర్ పెట్టేటప్పుడు, న్యూట్రల్ కొలిచేటప్పుడు మీరు నోరు మెదపకండి. మీటరు అంకె చూపిస్తే బావమరిదికి అర్థమవుతుంది, మీరు చెబితే గొడవవుతుంది. ఇన్నాళ్లూ తీసుకోని కూలి ఈసారి లెక్కగట్టి ఇవ్వండి. ఉచితంగా చేసినవాణ్ణి తప్పు అడగలేక ఆరు నెలలు ఊరుకున్నది మీరే కదా. ఇంట్లో ఆవిడకు మాత్రం తలుపు షాక్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. మీ ఉత్తరాన్ని బట్టి ఆమెకు ఇది తెలియదనిపిస్తోంది. రేపు ఆ తలుపు పట్టుకునేది తన తమ్ముడే కావచ్చు.

అతను అలిగి రాకపోతే? కాంట్రాక్టరుతో పని కానివ్వండి. అలక దసరాకో సంక్రాంతికో తీరుతుంది.

ప్యానెల్ తయారయ్యాక రోజూ పొద్దున ఒక పని. సెట్‌పాయింటు సున్నాకు పెట్టి, బ్లోయరు, హీటరు కాంటాక్టరు ఆన్ చేసి, మూడు ఫేజుల హీటరు వైర్ల మీద క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూడండి. సున్నా ఉండాలి. ఏ ఫేజులోనైనా 26 కనిపిస్తే ఆ ఎస్‌ఎస్‌ఆర్ పోయింది, ఆ రోజు ఓవెన్ లేదు. నెలకోసారి ఓవెన్ 150 మీదుండగా లిమిట్‌ను 140కి దించండి, కాంటాక్టరు టక్కున పడాలి, మీరు రీసెట్ నొక్కేదాకా లేవకూడదు. సాయంత్రం ఆపేటప్పుడు హీటర్లు ఆపి, 60 డిగ్రీలకు దిగేదాకా బ్లోయరు నడవనివ్వండి. థిన్నరుతో తుడిచిన ముక్కలు పూర్తిగా ఆరకుండా లోపల పెట్టనివ్వకండి, ఆ ఆవిరి పెట్టెలో నిండితే ఈ వైరింగు ఏదీ ఆపలేదు. ఎస్‌ఎస్‌ఆర్ ఒకటి, ఫ్యూజులు మూడు ఎప్పుడూ బీరువాలో ఉంచుకోండి. ఎస్‌ఎస్‌ఆర్ మార్చేటప్పుడు మాత్రం కంట్రోలరు ఆపితే చాలదు, మెయినే దించాలి. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీ ఆంపియర్లు పారుతూనే ఉంటాయి.